బరువెక్కిన ల్యాబ్రడార్ కుక్కకి బిస్కెట్ల బదులు ఏం పెట్టాలి? ఒంగోలు నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

అమ్మా, మీరు రాసింది మొత్తం చదివాను. ఆరేళ్ళ మగ ల్యాబ్రడార్. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక బరువు పెరుగుతూ వచ్చి ఇప్పుడు 41 కిలోలు అయ్యాడు. మీ డాక్టరు గారు 32 కిలోలకు తెమ్మన్నారు. రెండు మెట్లెక్కితే రొప్పుతున్నాడు. బిస్కెట్లు మానేద్దామంటే వాడు మీ మామగారి కుర్చీ పక్కన కూర్చుని ఆయన మొహంలోకే చూస్తుంటాడు, ఆయనకు మనసొప్పడం లేదు. అందుకని ఇంట్లోనే చేసి పెట్టగలిగేవి ఏమన్నా ఉంటే చెప్పమని అడిగారు. నేను నెల్లూరులో పెంపుడు జంతువులకు వైద్యం చేస్తాను. ఇలాంటి కుక్కలు మా దగ్గరకు తరచూ వస్తాయి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏ ట్రీటూ కుక్కను సన్నబరచదు. క్యారెట్ అయినా, రాగి బిస్కెట్ అయినా, రోజూ తినే తిండి మీద అదనంగా పెడితే బరువు పెరగడమే తప్ప తగ్గడం ఉండదు. ఇంట్లో చేసిన ట్రీట్ల వల్ల వచ్చే లాభం వేరు. ఒక్కొక్క ముక్కలో ఎంత శక్తి ఉందో మీకు తెలుస్తుంది, ముక్క ఎంత చిన్నగా కొయ్యాలో మీ చేతిలో ఉంటుంది, పెట్టే వాళ్ళకు పెట్టామన్న తృప్తి మిగులుతుంది. ఆ ముక్కల్ని రోజు తిండిలోంచి మినహాయించుకోవాలి. ఈ లెక్క తప్పితే కింద నేను రాసేవన్నీ వృథా.

మీరు చెప్పిన తిండిని లెక్కేసి చూశాను. డ్రై ఫుడ్ 300 గ్రాములు అన్నారు. 100 గ్రాములకు సుమారు 350 కేలరీలు అనుకుంటే 1050. కంపెనీని బట్టి ఇది మారుతుంది, ప్యాకెట్ వెనక చూసుకోండి. రాత్రి పెరుగన్నం: అన్నం 200 గ్రాములు, పెరుగు 100 గ్రాములు, రెండు చెంచాల నెయ్యి. అన్నానికి 260, పెరుగుకు 60, నెయ్యికి 90, వెరసి 410. మామగారు టీ తాగేటప్పుడల్లా ఇచ్చే గ్లూకోజ్ బిస్కెట్లు రోజుకు పది. ఒక్కొక్కటి 20 నుంచి 25 కేలరీలు, అంటే 200 పైమాటే. పొద్దున ఒక ఇడ్లీ, ఇంకో 50. అన్నీ కలిపితే 1,700 దాటుతోంది.

మరి వాడికి కావలసింది ఎంత? మేం వాడే లెక్క ఇది: చేరాల్సిన బరువును కిలోల్లో తీసుకుని, దాన్ని 0.75 ఘాతానికి హెచ్చించి, 70తో గుణిస్తాం. 32 కిలోలకు అది దాదాపు 940 కేలరీలు. ఊరికే పడుకుని ఉన్నా శరీరం నడవడానికి కావలసిన శక్తి అంత. బరువు తగ్గాల్సిన కుక్కకు రోజు మొత్తం తిండిని ఆ అంకె దగ్గర మొదలుపెడతాం. మీ వాడు దాదాపు రెట్టింపు తింటున్నాడు. పైగా ఆపరేషన్ అయిన కుక్కకు శక్తి ఖర్చు తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది. ఆపరేషన్ చేయించడం మంచి పనే, దాని గురించి బాధపడొద్దు. ఆ తర్వాత తిండి తగ్గించాలని చాలామందికి ఎవరూ చెప్పరు, అంతే.

ఈ 940లో ట్రీట్లకు పదో వంతు మించకూడదు. అంటే 90, 95 కేలరీలు. మిగతా 840కి డ్రై ఫుడ్ 240 గ్రాములు సరిపోతుంది. గ్లాసుతో కొలవొద్దు. గ్లాసు నిండా అన్నది ఒక్కొక్కరి చేతిలో ఒక్కోలా ఉంటుంది. వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. పెరుగన్నం, నెయ్యి, బిస్కెట్లు, ఇడ్లీ పూర్తిగా ఆగిపోవాలి. చూడండి, డ్రై ఫుడ్‌లో తగ్గించింది 60 గ్రాములే. వాడి ఒంటికి కావలసిన మాంసకృత్తులు, విటమిన్లు వచ్చేది అందులోంచే కాబట్టి దాన్ని సగానికి సగం కోసెయ్యకూడదు. అలా చేస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. నెలపాటు ఇలా పెట్టినా బరువు కదలకపోతే, ఇంకా తగ్గించే ముందు బరువు తగ్గడానికి ప్రత్యేకంగా తయారు చేసే డ్రై ఫుడ్ గురించి మీ డాక్టరు గారిని అడగండి. వాటిలో పీచు, మాంసకృత్తులు ఎక్కువగా, కొవ్వు తక్కువగా ఉంటాయి.

ఇక వాడి చూపు సంగతి. ల్యాబ్రడార్లలో పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లోపించిన కుక్కలు దాదాపు నాలుగో వంతు ఉంటాయని కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు 2016లో బయటపెట్టారు. కడుపు నిండిందని మెదడుకు చెప్పే సంకేతం వాటిలో సరిగ్గా పనిచేయదు. 2024లో అదే బృందం ఇంకో విషయం చెప్పింది: ఆ కుక్కలకు భోజనాల మధ్య ఆకలి ఎక్కువ, విశ్రాంతిగా ఉన్నప్పుడు శక్తి ఖర్చు దాదాపు 25 శాతం తక్కువ. మీ వాడికి ఆ లోపం ఉందో లేదో నేను చెప్పలేను. కానీ ఇది మామగారికి చెప్పండి. వాడు అడుగుతున్నాడంటే మీరు పస్తు పెడుతున్నారని అర్థం కాదు. కడుపు నిండా తిన్న పది నిమిషాలకే మళ్ళీ అదే చూపు చూసే ల్యాబ్‌లు బోలెడు.

ఇంకొకటి కూడా ఆయనకు చెప్పదగ్గది ఉంది. అమెరికాలో 48 ల్యాబ్రడార్లను పుట్టినప్పటి నుంచి చివరిదాకా గమనించిన అధ్యయనం 2002లో వెలువడింది. వాటిని జంటలుగా విడదీసి, ఒక్కో జంటలో ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు 1.8 సంవత్సరాలు ఎక్కువ బతికాయి, కీళ్ళ నొప్పులకు మందులు వాడాల్సిన వయసు కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. ప్రేమతో పెట్టే బిస్కెట్‌ను ఆపమని పెద్దాయనకు చెప్పడం కష్టమే. అదే ప్రేమతో వాడిని ఇంకో రెండేళ్ళు ఎక్కువగా చూసుకోవచ్చని చెబితే వింటారు. మా దగ్గరకు వచ్చే పెద్దవాళ్ళలో ఎక్కువమంది విన్నారు.

అందుకే నా సలహా, మామగారిని ఈ పని నుంచి తప్పించకండి. ఆయన చేతికే ఇవ్వండి. మూత ఉన్న ఒక చిన్న డబ్బా తీసుకోండి. పొద్దున్నే ఆ రోజు ట్రీట్లన్నీ అందులో వేసి ఆయన పక్కన పెట్టండి. ఎవరు ఏం పెట్టినా అందులోంచే. మీరు, పిల్లలు, పనమ్మాయి, ఎదురింటి వాళ్ళు, అందరికీ ఇదే రూలు. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అయిపోయినట్టే. బరువు తగ్గని కుక్కల ఇళ్ళలో నేను చూసేది ఎప్పుడూ ఒకటే: ఒక్కొక్కరూ నేను పెట్టింది కొంచెమే కదా అనుకుంటారు, నలుగురి కొంచేలు కలిసి ఒక పూట భోజనం అవుతాయి. ముక్క సైజు కూడా ముఖ్యం. కుక్కకు ఎన్నిసార్లు అందిందన్నది గుర్తుంటుంది, ముక్క ఎంత పెద్దదన్నది పెద్దగా పట్టదు. కాబట్టి ప్రతిదీ బఠాణీ గింజంత, మహా అయితే చిటికెన వేలి గోరంత కొయ్యండి.

ఇప్పుడు ఏం చేసి పెట్టాలో చూద్దాం.

బిస్కెట్‌కు అలవాటు పడిన వాడు కాబట్టి మొదట బిస్కెట్ లాంటిదే కావాలి. 50 గ్రాముల రాగి పిండి, ఉప్పు లేకుండా ఉడికించి మెత్తగా మెదిపిన ఎర్ర గుమ్మడికాయ 100 గ్రాములు, ఒక గుడ్డు. అన్నీ కలిపి ముద్ద చేయండి. నీళ్ళు అక్కర్లేదు, గుమ్మడిలో తడి సరిపోతుంది. నెయ్యి, బెల్లం, ఉప్పు ఏమీ వద్దు. నూనె కూడా వద్దు. పళ్ళేనికి తడి చేత్తో పల్చగా అద్ది, ఇడ్లీ పాత్రలో పన్నెండు, పదిహేను నిమిషాలు ఆవిరి మీద ఉడికించండి. చల్లారాక చాకుతో 50 ముక్కలుగా కోసి, మందపాటి పెనం మీద సన్న సెగన అటూ ఇటూ తిప్పుతూ గట్టిపడేదాకా ఉంచండి. ఓవెన్ ఉంటే అందులో పెట్టుకోవచ్చు, లేకపోయినా పెనం మీద బాగానే కరకరలాడతాయి. మొత్తం పిండికి 260 కేలరీలు, అంటే ముక్కకు 5. గ్లూకోజ్ బిస్కెట్ ఒకటి పెట్టే బదులు ఇవి నాలుగు పెట్టొచ్చు. మన సముద్రపు గాలికి బయట పెడితే రెండో రోజుకే మెత్తబడి బూజు పడతాయి. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు, ఫ్రీజర్‌లో నెల దాకా ఉంటాయి.

రాగి గురించి ఒక అపోహ ఉంది. రాగి అంటే బరువు తగ్గిస్తుందని అనుకుని అన్నం మానేసి గిన్నెడు రాగి సంగటి పెట్టేవాళ్ళున్నారు. పిండి లెక్కన చూస్తే రాగికి, బియ్యానికి కేలరీల్లో పెద్ద తేడా లేదు. రెండూ 100 గ్రాములకు 320, 350 మధ్యే. పై ముక్కల్లో రాగి పనికొచ్చేది పిండిని పట్టి ఉంచడానికి, కొంచెం పీచు కోసం. సంగటి, జావ పెట్టొద్దు.

మన జిల్లాల్లో దొరికేంత సులువుగా ఇంకెక్కడా దొరకని ట్రీట్ ఒకటుంది: వనామీ రొయ్య. చెరువుల వాళ్ళు చెప్పే వంద కౌంట్ రొయ్యలు, అంటే కిలోకు వంద తూగేవి, తీసుకోండి. తల, పొట్టు, తోక, వీపు మీది నల్లటి నరం తీసేసి, ఉప్పూ పసుపూ లేకుండా నీళ్ళలో ఉడికించండి. వలిచిన రొయ్య ఒకటి 5 గ్రాముల లోపే ఉంటుంది, దానిలో 5 కేలరీలు కూడా ఉండవు. కొవ్వు దాదాపు లేదు, వాసనకు కుక్క పడి చస్తుంది. ఒక్కో రొయ్యను నాలుగు ముక్కలు చేస్తే అయిదు రొయ్యలు ఇరవై ట్రీట్లు. మొదటిసారి ఒక్కటే పెట్టి రెండు రోజులు చూడండి. దురద, వాంతులు, విరేచనాలు కనిపిస్తే ఆపేయండి. పచ్చి రొయ్యలు వద్దు. ఎండు రొయ్యలు, ఎండు చేపలు అసలే వద్దు, వాటిలో ఉప్పు చాలా ఎక్కువ.

కోడి మాంసం పెట్టాలనుకుంటే తోలు తీసిన రొమ్ము ముక్క ఉడికించి పీచులుగా తీయండి. ఉడికిన 100 గ్రాములకు 165 కేలరీలు. రోజుకు 20 గ్రాములు చాలు. ఉడికించిన నీళ్ళను ఫ్రిజ్‌లో పెడితే పైన కొవ్వు గడ్డకడుతుంది. దాన్ని తీసి పారేసి మిగిలిన నీళ్ళను ఐస్ ట్రేలో పోసి ఉంచుకుంటే వేసవి మధ్యాహ్నాలకు పనికొస్తాయి. అదే ట్రేలో పల్చటి మజ్జిగ ఐస్ కూడా చేసుకోవచ్చు. రెండు పెద్ద చెంచాల పెరుగు ఒక గ్లాసు నీళ్ళలో కలిపితే చాలు, గడ్డకు రెండు కేలరీలు మించవు. ఉప్పు, పచ్చిమిర్చి, అల్లం వెయ్యని మజ్జిగ సుమా. పెరుగన్నం పోయిందని బెంగపడే కుక్కలకు ఈ ఐస్ బాగా నచ్చుతుంది. ఉడికిన గుడ్డు తెల్లసొన కూడా మంచిదే. ఒక గుడ్డు తెల్లసొన 17 కేలరీలు, పది పన్నెండు ముక్కలు వస్తాయి.

కూరగాయల్లో కీరా, బీన్స్, క్యారెట్ పచ్చివే చిన్నగా కోసి పెట్టొచ్చు. కీరా 100 గ్రాములకు 15 కేలరీలే. సొరకాయ, బీరకాయ, బూడిద గుమ్మడి ఆవిరి మీద ఉడికించి పెట్టండి. సొర, బీర, దోస కోశాక ఒక ముక్క మీరు నోట్లో వేసుకుని చూడండి, చేదుగా ఉంటే కుక్కకూ పెట్టొద్దు, మీరూ వండుకోవద్దు. బాగా ఆకలిగా తిరుగుతుంటే రాత్రి డ్రై ఫుడ్‌లో ఉడికిన సొరకాయ ఒక గుప్పెడు కలపండి, కడుపు బరువుగా అనిపిస్తుంది. ఒకేసారి ఎక్కువ పెడితే గ్యాస్, విరేచనాలు అవుతాయి, వారం పదిరోజుల్లో మెల్లగా పెంచండి. పళ్ళలో గింజలు తీసిన పుచ్చకాయ, బొప్పాయి ఒకటి రెండు ముక్కలు పెట్టొచ్చు. అరటిపండు, సపోటా, మామిడి తీపి ఎక్కువ కాబట్టి ఇప్పుడు వద్దు. మామిడి టెంక వాడికి అందకుండా చూడండి, మింగితే పేగుల్లో ఇరుక్కుని ఆపరేషన్ దాకా వస్తుంది.

కొబ్బరి ముక్కలు, వేరుశనగలు ఆరోగ్యమని పెడుతుంటారు. వేరుశనగలు 100 గ్రాములకు 560 కేలరీల పైనే, పచ్చి కొబ్బరి 350. వీడి విషయంలో రెండూ వద్దు.

వద్దన్నవాటిలో అసలు ప్రమాదమైనవి వేరే ఉన్నాయి. వీటిని బరువుతో పని లేకుండా ఏ కుక్కకూ పెట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి ఏ రూపంలోనైనా ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఉడికించినా ఆ గుణం పోదు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను చెడగొడతాయి. పాయసంలో, లడ్డులో ఉన్న కిస్‌మిస్ కూడా ఇందులోకే వస్తుంది. చాక్లెట్ వద్దు. జైలిటాల్ అనే తీపి పదార్థం కలిపిన షుగర్‌లెస్ చూయింగ్ గమ్, మిఠాయిలు, కొన్ని పీనట్ బటర్లు చాలా తక్కువ మోతాదులోనే ప్రాణం తీస్తాయి. ఉడికిన కోడి ఎముకలు, చేప ముళ్ళు సూదుల్లా విరుగుతాయి.

మన ఇళ్ళ అలవాటు ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. మిగిలిన చేపల పులుసు అన్నంలో కలిపి కుక్కకు పెట్టడం నెల్లూరులో మామూలు. అందులో ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, నూనె, ముళ్ళు అన్నీ ఉంటాయి. పైగా చింతపండు. ద్రాక్ష కుక్కలకు విషం కావడానికి కారణం అందులోని టార్టారిక్ ఆమ్లం కావచ్చని 2021 నుంచి పశువైద్యులు గట్టిగా అనుమానిస్తున్నారు. చింతపండులోనూ ఆ ఆమ్లం బాగా ఎక్కువ. కాబట్టి పులుసు, రసం, సాంబారు ఏదీ పెట్టకండి. అలాగే పండగ రోజు మాంసం మీది కొవ్వు, తోలు కోసి వేస్తుంటారు. లావుగా ఉన్న కుక్కకు ఒక్కసారిగా అంత కొవ్వు తగిలితే క్లోమానికి వాపు వచ్చి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది. ఒంగోలు మైసూర్‌పాక్ ముక్క గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

తిండి పెట్టే తీరు కూడా మార్చండి. గిన్నెలో పోస్తే ల్యాబ్ నిమిషంలో మింగేస్తుంది, ఆ వెంటనే ఏమీ తిననట్టు చూస్తుంది. మీ ఇంట్లో పాత గుంత పొంగనాల పెనం ఉంటే కడిగి దానికే కేటాయించండి. ఒక్కో గుంతలో కొన్ని పలుకులు వేస్తే నాలుకతో తీసుకుని తినడానికి టైం పడుతుంది. 240 గ్రాములను రెండు పూటలు కాకుండా మూడు పూటలు పంచినా మంచిదే. కొంత డ్రై ఫుడ్‌ను వరండాలో చల్లి వెతుక్కోనివ్వండి. టీ టైంలో మామగారు ముక్క చేతికివ్వకుండా ముందు కూర్చోమని, షేక్‌హ్యాండ్ ఇమ్మని, తర్వాత ఇవ్వమనండి. అలా ఇస్తే నాలుగు ముక్కలతో పది నిమిషాలు గడుస్తాయి. కొన్నిసార్లు వాడికి కావలసింది తిండి కూడా కాదు. దువ్వితే చాలు, బంతి విసిరితే చాలు.

నడక విషయంలో తొందరపడకండి. ఇంత బరువు మీద పరిగెత్తిస్తే మోకాళ్ళు దెబ్బతింటాయి. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి అయిదు నిమిషాల చొప్పున పెంచండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన ఎండల సంగతి మీకు తెలుసు. కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడం ద్వారానే వేడి పోగొట్టుకోవాలి. లావుగా ఉన్న కుక్క ఆ పని సరిగ్గా చేయలేదు, వడదెబ్బ తొందరగా తగులుతుంది. కాబట్టి ఆ నెలల్లో ఆరింటి లోపు ముగించండి, సాయంత్రం నేల చల్లబడ్డాకే బయల్దేరండి. మీ చేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే వాడి పాదాలకూ ఆ రోడ్డు పనికిరాదు. ఆదివారం వీలైతే కొత్తపట్నం బీచ్‌కి తీసుకెళ్ళండి. మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిస్తే కీళ్ళ మీద బరువు పడకుండా వ్యాయామం అవుతుంది. తాగే నీళ్ళు ఇంటి నుంచి పట్టుకెళ్ళండి, ఉప్పునీళ్ళు తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

బరువు రెండు వారాలకోసారి చూడాలి, పొద్దున పరగడుపున, ఎప్పుడూ ఒకే కాటా మీద. 41 కిలోల కుక్కను ఎత్తుకుని ఇంట్లో మిషన్ ఎక్కడం కుదరదు. డాక్టరు గారి దగ్గర కుదరకపోతే బియ్యం కొట్లో బస్తాలు తూచే ప్లాట్‌ఫాం కాటా ఉంటుంది, అడిగితే కాదనరు. వారానికి ఒక శాతం, అంటే 400 గ్రాముల చొప్పున తగ్గితే చక్కగా తగ్గుతున్నట్టు. రెండు శాతం దాటితే తిండి మరీ తగ్గిపోయిందని అర్థం, కాస్త పెంచాలి. ఈ లెక్కన 9 కిలోలకు ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. మధ్యలో ఒక నెల ముల్లు కదలకపోవచ్చు, టెన్షన్ పడకండి. అంకెతో పాటు చేత్తో కూడా తడిమి చూడండి. మీ చేతి వెనక భాగాన్ని వేలితో తడిమితే ఎముకలు ఎలా తగులుతాయో పక్కటెముకలు అలా తగలాలి. అరచేతిని తడిమినట్టు మెత్తగా ఉంటే ఇంకా కొవ్వు ఉన్నట్టే. పైనుంచి చూస్తే నడుము లోపలికి కనిపించాలి.

మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. థైరాయిడ్ రక్తపరీక్ష చేయించారా అని మీ డాక్టరు గారిని అడగండి. మధ్యవయసు ల్యాబ్‌లలో థైరాయిడ్ తగ్గడం ఉంటుంది. తోక మీద జుట్టు రాలడం, ఎప్పుడూ మందకొడిగా ఉండటం దాని గుర్తులు. నీళ్ళు విపరీతంగా తాగుతూ పొట్ట కిందికి వేలాడుతుంటే కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బును చూడాలి. దురదకు స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే వాటివల్లా ఆకలి పెరుగుతుంది. కానీ డాక్టరును అడగకుండా వాటిని ఒక్కసారిగా ఆపకూడదు. మీ ఊళ్ళో ఈ పరీక్షలు కుదరకపోతే తిరుపతిలోని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి గానీ, గన్నవరంలోని కాలేజీకి గానీ వెళ్ళొచ్చు. మెట్లెక్కితే రొప్పుతున్నాడన్నారు కాబట్టి గుండె, ఊపిరితిత్తులు కూడా ఒకసారి పరీక్ష చేయించండి. పడుకుని ఉన్నప్పుడు కూడా రొప్పుతుంటే, చిగుళ్ళు నీలంగా ఉంటే ఇవన్నీ పక్కన పెట్టి ఆ రోజే తీసుకెళ్ళండి.

మొదటి వారానికి డబ్బాలో వేయాల్సింది ఇలా చూసుకోండి: రాగి గుమ్మడి ముక్కలు ఆరు, ఉడికించిన రొయ్యలు అయిదు, కీరా 100 గ్రాములు, మజ్జిగ ఐస్ గడ్డలు రెండు మూడు. అన్నీ కలిపి 80 కేలరీలు దాటవు, ముక్కల లెక్కన చూస్తే మామగారి చేతికి యాభైకి పైగా వస్తాయి. రెండు వారాల తర్వాత బరువు చూసి అంకె ఇక్కడే రాయండి, డ్రై ఫుడ్ ఎంత మార్చాలో అప్పుడు చెబుతాను. 32కి చేరాక కూడా పాత తిండికి వెళ్ళకండి. వారానికి పది శాతం చొప్పున పెంచుకుంటూ, బరువు ఎక్కడ నిలబడుతుందో ఆ కొలత దగ్గర ఆపేయండి.